ఊపిరితిత్తి ముడుచుకుంటే

మాదాపూర్‌లో సైబర్ టవర్స్ 1998లో తెరిచారు. ఆ తర్వాత చుట్టుపక్కల బండలు పగలగొట్టి ఎన్నో అద్దాల మేడలు కట్టారు. వాటిలో కంప్యూటర్ పని చేసే కుర్రవాళ్ళు ఉన్నారు. వాటిని కట్టిన కూలీలు ఉన్నారు. వీళ్ళలో ఎవరికైనా రాగల జబ్బు ఒకటి ఉంది.

ఉన్నట్టుండి ఛాతీలో ఒక పక్క పొడిచినట్టు నొప్పి. ఊపిరి ఆడదు. చాలామంది గ్యాసు అనుకుంటారు. సోడా తాగి పడుకుంటారు. అది గ్యాసు కాకపోవచ్చు. ఊపిరితిత్తి ముడుచుకుపోయి ఉండవచ్చు.

కడిగిన పళ్ళేలు రెండు ఒకదాని మీద ఒకటి పెడితే అతుక్కుంటాయి కదా! మధ్యలో తడి ఉంటుంది మరి. ఊపిరితిత్తి మీద ఒక పల్చని పొర ఉంటుంది. పక్కటెముకల లోపలి వైపు ఇంకో పొర ఉంటుంది. వాటి మధ్య కొంచెం తడి. అందుకే ఛాతీ ఉబ్బినప్పుడు తిత్తి కూడా వెంట సాగుతుంది. తిత్తికి చిల్లు పడితే ఆ సందులోకి గాలి చేరుతుంది. పొరలు విడిపోతాయి. తిత్తి ముడుచుకుంటుంది.

చిల్లు ఎందుకు పడుతుంది? సన్నగా, పొడుగ్గా ఉండే కొందరు కుర్రవాళ్ళకు తిత్తి పైకొనన చిన్న గాలిబుడగలు ఉంటాయి. అవి పగులుతాయి. బీడీ, సిగరెట్టు తాగేవాళ్ళకు ముప్పు ఎక్కువ. మన దేశంలో క్షయ ఒక పెద్ద కారణం. ఏళ్ళ తరబడి రాతి దుమ్ము పీల్చినవాళ్ళకూ రావచ్చు.

చాలామందికి ఇంట్లో ఇంకెవరికీ ఈ జబ్బు ఉండదు. కొన్ని ఇళ్ళలో మాత్రం మేనమామకు వస్తుంది, అక్కకు వస్తుంది, తమ్ముడికి వస్తుంది. దానికి కారణం జన్యువు. ఒంటి తీరు రాసి ఉన్న చీటీ లాంటిది జన్యువు. ప్రతి చీటీ రెండేసి ఉంటుంది. ఒకటి తల్లి ఇచ్చింది, ఒకటి తండ్రి ఇచ్చింది. ఎఫ్.ఎల్.సి.ఎన్. అనే జన్యువులో, రెంటిలో ఒక్కదానిలో తప్పున్నా తిత్తిలో బుడగలు రావచ్చు. ఆ తప్పు తల్లికి ఉన్నా, తండ్రికి ఉన్నా ఒకటే. ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగం. కోడలి పుట్టింటినే ఆడిపోసుకోవడం ఏం న్యాయం? ఈ తప్పు ఉన్నవాళ్ళకు మూత్రపిండంలో గడ్డ కూడా రావచ్చు. కనుక ఇంట్లో ఇంకెవరికి వచ్చిందో డాక్టరుకు చెప్పాలి.

ఎక్స్‌రేలో ఈ జబ్బు తెలుస్తుంది. ఎర్రగడ్డలో ప్రభుత్వ ఛాతీ ఆసుపత్రి ఉంది. ఊపిరి బొత్తిగా ఆడకపోతే, పెదవులు నీలంగా మారితే వెంటనే 108కి ఫోను చేయాలి. చిల్లు చిన్నదైతే దానంతట అదే మానవచ్చు. గాలి ఎక్కువ చేరితే డాక్టరు పక్కటెముకల మధ్య గొట్టం పెడతారు. దాని రెండో కొస నీళ్ళ సీసాలో మునిగి ఉంటుంది. లోపలి గాలి బుడబుడమంటూ బయటికి పోతుంది. నీళ్ళు అడ్డం కాబట్టి వెనక్కి రాదు. ఆ సీసాను మంచం కింద, నేల మీదే ఉంచాలి. తోడున్నవాళ్ళు దాన్ని ఛాతీ కన్నా పైకి ఎత్తకూడదు. ఎత్తితే నీళ్ళు ఛాతీలోకి పోతాయి.