ఆ ఉత్తరంలో ఏముంది?

సిఫారసు ఉత్తరం అనగానే మనకు ముందు గుర్తొచ్చేది తిరుమల. ఏ ఎమ్మెల్యేగారి లెటర్‌హెడ్ మీదో నాలుగు ముక్కలు రాయించుకుంటే బ్రేక్ దర్శనం. ఆ ఉత్తరంలో మన గురించి ఏమీ ఉండదు. పేర్లు, ఆధార్ నంబర్లు, తేదీ... అంతే! చూసేదంతా కింద ఉన్న సంతకాన్నే.

అమెరికాలో మెడికల్ రెసిడెన్సీకి దరఖాస్తు చేసే మన పిల్లలు చాలామంది ఇదే లెక్క వేసుకుంటారు. పెద్ద సంతకం దొరికితే సగం పని అయిపోయినట్టేనని. మా అక్క కూతురూ అలాగే అనుకుంది. అనుకుంది అనడం కంటే, ఇంటిల్లిపాదీ కలిసి అలా అనిపించామనడం న్యాయం.

తప్పు మనది కూడా కాదు. ఇక్కడ పీజీ సీటు కావాలంటే నీట్ పీజీ రాయాలి. ర్యాంకు వస్తుంది, కౌన్సెలింగ్‌కి వెళతాం. ‘ఈ పిల్ల ఎలాంటిది, రాత్రి రెండింటికి రోగి దగ్గరికి పిలిస్తే విసుక్కుంటుందా’ అని ఎవరూ అడగరు. అక్కడ అదే అడుగుతారు. ఎంబీబీఎస్ చేసినవారు యూఎస్‌ఎంఎల్‌ఈ పరీక్షలు రాసి, ‘ఈరాస్’ అనే ఆన్‌లైన్ విధానంలో ఆసుపత్రులకు దరఖాస్తు పెట్టుకోవాలి. వాళ్లు ఇంటర్వ్యూలకు పిలిచి, నచ్చినవారిని వరసగా రాసుకుంటారు. అభ్యర్థులూ తమకు నచ్చిన ఆసుపత్రులను వరసగా రాస్తారు. రెంటినీ కంప్యూటర్ జత కలుపుతుంది. అదే ‘మ్యాచ్’. 1952 నుంచీ ఉన్న పద్ధతి ఇది. 2024 మ్యాచ్‌లో అక్కడి ఎండీ కాలేజీల ఆఖరి సంవత్సరం విద్యార్థుల్లో 93.5 శాతానికి సీటొస్తే, అమెరికా పౌరులు కాని విదేశీ పట్టభద్రుల్లో వచ్చింది 58.5 శాతానికే.

ఒకప్పుడు స్టెప్ 1 పరీక్షలో మంచి స్కోరుంటే ధీమాగా ఉండేవారు. 2022 జనవరి 26 నుంచి దానికి స్కోరు తీసేశారు. పాసా, ఫెయిలా... అంతే చెబుతారు. స్టెప్ 2 సీకేకి స్కోరు ఉంది కానీ, మనిషిని తూచడానికి చేతిలో ఉన్న రాళ్లలో ఒకటి తగ్గినట్టే. దాంతో ఉత్తరాల మీద చూపు ఇంకాస్త నిలుస్తోంది.

తెరవకూడని కవరు

ఒక్కో ఆసుపత్రికి నాలుగు ఉత్తరాల దాకా జత చేయొచ్చు. రాసేవారి పేరు, హోదా, ఈమెయిల్ ఇస్తే ఒక నంబరుతో అభ్యర్థన పత్రం వస్తుంది. దాన్ని ఆ డాక్టరుకు పంపాలి. ఉత్తరాన్ని కంప్యూటర్లోకి ఎక్కించేది ఆయనో, ఆయన తరఫున పనిచేసే సహాయకులో. అభ్యర్థి ఎక్కించడం కుదరదు. ‘ఈ ఉత్తరం చూసే హక్కును వదులుకుంటున్నాను’ అని ముందే టిక్కు పెట్టే వీలుంది. దాదాపు అందరూ పెడతారు. పెట్టకపోతే చదివేవారికి అనుమానం. అభ్యర్థి చూస్తాడని తెలిసి రాసిన ఉత్తరంలో నిజమెంతని! కాబట్టి మన భవిష్యత్తు గురించి రాసిన కాగితం అందరూ చదువుతారు, మనం తప్ప.

మా అమ్మాయి మొదటి ఏడాది నాలుగు ఉత్తరాలు పెట్టింది. ఒకటి మా బావగారికి తెలిసిన ఒక పెద్ద డాక్టరుగారిది. పేరున్న మనిషి. అమ్మాయిని చూసింది రెండుసార్లు, అదీ పెళ్లిళ్లలో. ఇంకో రెండు కాలేజీ ప్రొఫెసర్లవి. ఇద్దరూ ఒకే మాటన్నారు. “నువ్వే రాసుకురామ్మా, సంతకం పెడతా.” చిన్నచూపుతో అన్నమాట కాదది. రోజూ వందల మంది రోగులను చూసేవాళ్లకు కూర్చుని రాసే తీరికెక్కడిది? ఇది రాసుకుంది. సిన్సియర్, హార్డ్‌వర్కింగ్, పంక్చువల్, గుడ్ మోరల్ క్యారెక్టర్, ఐ విష్ హర్ ఆల్ సక్సెస్. కాండక్ట్ సర్టిఫికెట్‌కి కోటు తొడిగినట్టు!

రెండు ఉత్తరాలూ ఒకే మనిషి రాసినట్టు ఉంటాయి కదా. ఉన్నాయి. ఆ ఏడాది ఒక్క ఇంటర్వ్యూ వచ్చింది. సీటు రాలేదు. ఉత్తరాల వల్లేనా అంటే ఎవరు చెబుతారు? రానివాళ్లకు కారణం చెప్పే ఆనవాయితీ లేదు. కానీ అక్కడ ఎంపికల్లో కూర్చునే ఓ డాక్టరుగారిని ఆ వేసవిలో అడిగితే, ఆయన ఒక్క ప్రశ్న వేశారట. “నీ పేరు తీసేసి ఇంకొకరి పేరు పెడితే ఆ ఉత్తరం చెల్లుతుందా?”

చెల్లుతుంది. అదీ సంగతి.

చెల్లని ఉత్తరం ఎలా ఉంటుంది? రాసిన డాక్టరు ఈ అభ్యర్థిని ఎన్ని వారాలు చూశారో, ఎక్కడ చూశారో మొదటి పేరాలోనే ఉంటుంది. ఒకటో రెండో సంఘటనలు ఉంటాయి. తాను చూసిన విద్యార్థుల్లో ఈమె ఏ వరసలో నిలుస్తుందో ఉంటుంది. అవసరమైతే ఫోన్ చేయండనీ ఉంటుంది. అక్కడ పొగడ్తకు ఎత్తుపల్లాలు ఎక్కువ. మనకు మంచి మాటలా వినిపించే ‘గుడ్’ అక్కడ చప్పటి మాట. ‘చెప్పిన పని చేస్తుంది’ అని రాస్తే, చెప్పందే చేయదని అర్థం తీసేవారున్నారు.

ఆడపిల్లల తల్లిదండ్రులు తెలుసుకోవాల్సింది మరొకటుంది. ఫ్రాన్సెస్ ట్రిక్స్, కరొలిన్ సెంకా అనే ఇద్దరు పరిశోధకులు 2003లో ఒక అధ్యయనం ప్రచురించారు. అమెరికాలోని ఓ పెద్ద వైద్య కళాశాలలో అధ్యాపక ఉద్యోగాలకు వచ్చిన 300కు పైగా సిఫారసు ఉత్తరాలను చదివారు. మహిళల కోసం రాసినవి సగటున పొట్టిగా ఉన్నాయి. సందేహం రేపే మాటలూ వాటిలోనే ఎక్కువ. అవి రెసిడెన్సీ ఉత్తరాలు కావు గానీ, రాసే చేతులు అలాంటివే కదా!

అడగడం ఒక పని

రెండో ఏడాది అమ్మాయి ఒక ఆసుపత్రిలో అబ్జర్వర్‌షిప్‌కి వెళ్లింది. అంటే రోగి మీద చెయ్యి వేయకూడదు, చూడాలి, వినాలి. ఎంబీబీఎస్ ఆఖరి ఏడాదిలో ఉండగానే ఎలెక్టివ్‌కి వెళ్లగలిగితే చేత్తో పని చేసే అవకాశం ఉంటుంది, దానికి విలువ ఎక్కువ. అది దాటిపోయింది మరి. ఆ సమయంలోనే ఒకాయన ఫోన్ చేసి, ఇంత కడితే నెల రోజుల అబ్జర్వర్‌షిప్‌తో పాటు ‘స్ట్రాంగ్ లెటర్’ కూడా ప్యాకేజీలో వస్తుందన్నాడు. మా బావగారు మెత్తబడ్డారు. అమ్మాయి ఒప్పుకోలేదు. మంచిదైంది. దొంగ పత్రం పెట్టి దొరికితే ఆ మచ్చ అభ్యర్థి రికార్డులో నమోదవుతుంది, ఆ తర్వాత ఎక్కడికి దరఖాస్తు పెట్టినా వెంట వస్తుంది.

నాలుగు వారాలు అయ్యాక ఆ డాక్టరుగారి గదికెళ్లి అడిగింది. “ఉత్తరం ఇస్తారా” అని కాదు, “నా గురించి గట్టిగా రాయగలననిపిస్తోందా” అని. ఈ రెండో ప్రశ్నలో ఎదుటివారికి తప్పుకునే దారి ఉంది. ఎవరైనా తటపటాయిస్తే థాంక్స్ చెప్పి వచ్చేయడమే మేలు. మొహమాటపు ఉత్తరం లేని ఉత్తరం కంటే చెడ్డది. ఆయన రాస్తానన్నారు. తన సీవీ, తాను చూసిన కేసుల జాబితా, గడువు తేదీ ఒకే మెయిల్లో పంపింది. ఆసుపత్రులు దరఖాస్తులు తెరిచేది సెప్టెంబరు నెలాఖరులో. ఇది అడిగింది జులైలో. అప్పటికీ రెండుసార్లు గుర్తు చేయాల్సొచ్చింది.

ఇక్కడి నుంచి పెట్టే ఉత్తరం దగ్గర ఇంట్లో పెద్ద గొడవే అయింది. బావగారికి మళ్లీ ఆ పెద్ద సంతకమే కావాలి. అమ్మాయేమో హౌస్‌సర్జన్‌గా ఉన్నప్పుడు డెంగీ వార్డులో తనతో రాత్రి డ్యూటీలు చేసిన అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని అడుగుతానంది. “ఆవిడెవరో ఎవరికి తెలుసు?” అన్నారాయన. “నేనెవరో ఆవిడకి తెలుసు నాన్నా” అంది. ఆయన రెండ్రోజులు మాట్లాడలేదు.

ఆ ఏడాది ఇంటర్వ్యూలు అయిదొచ్చాయి. వాటిలో ఒకచోట కూర్చోగానే ఎదురుగా ఉన్న డాక్టరు, “ఆ మందుల సంచి సంగతి చెప్పు” అన్నారట. దీనికి ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. తర్వాత గుర్తొచ్చింది. అబ్జర్వర్‌షిప్‌లో ఒక పెద్దాయన కళ్లు తిరిగి పడిపోతున్నానంటూ వచ్చాడు. రౌండ్స్ అయ్యాక, డాక్టరుగారి అనుమతితో, ఆయన భార్య తెచ్చిన సంచిలోని సీసాల పేర్లు ఇది ఒక్కొక్కటే చదివింది. ఒకదాని మీద లాసిక్స్ అని, ఇంకోదాని మీద ఫ్యూరోసెమైడ్ అని ఉంది. రెండూ ఒకటే మందు! ఆయన రెండూ వేసుకుంటున్నాడు. వెళ్లి డాక్టరుగారికి చెప్పింది. అంతటితో మరిచిపోయింది.

ఆయన మరిచిపోలేదు.

మార్చిలో మ్యాచ్ వారం. సోమవారం వచ్చే మెయిల్లో సీటొచ్చిందో లేదో మాత్రమే ఉంటుంది. ఎక్కడన్నది శుక్రవారం దాకా చెప్పరు. సోమవారం రాత్రి అక్క ఫోన్ చేసి ఏడ్చింది, వచ్చిందని. శుక్రవారం ఊరి పేరు తెలిశాక అమ్మాయే చేసింది. “పిన్నీ, మందుల సంచి అడిగిన ఊరే!”

ఉత్తరంలో ఇంకేం రాశారో దానికి ఇప్పటికీ తెలియదు.