లెక్కల పుస్తకం నుండి కాన్వాసు వరకు: భూపేన్ ఖఖర్

కతర్‌గామ్ వీధులలో వజ్రాలకు సానపట్టే కార్మికులను మనము ప్రతిదినమూ చూస్తూనే ఉంటాము. చూస్తాముగాని, వారి ముఖాలు మన జ్ఞాపకంలో నిలువవు. అటువంటి సామాన్యుల ముఖాలకు భారతీయ చిత్రకళలో శాశ్వత స్థానం కల్పించినవాడు, సూరత్‌కు సుమారు 130 కిలోమీటర్ల దూరంలోని బరోడాలో జీవించిన భూపేన్ ఖఖర్.

1934లో బొంబాయిలో జన్మించిన ఖఖర్ వృత్తిరీత్యా చార్టర్డ్ అకౌంటెంట్. మిత్రుడు, చిత్రకారుడు గులాం మహమ్మద్ షేక్ ప్రోత్సాహంతో 1962లో బరోడా చేరి, అచటి లలితకళల విభాగంలో కళావిమర్శ అభ్యసించారు. చిత్రలేఖనాన్ని మాత్రం స్వయంకృషితోనే సాధించారు. చాలా ఏళ్లు పూట ఉద్యోగిగా ఒక కర్మాగారం లెక్కలు వ్రాస్తూ, మిగిలిన పూట కుంచె పట్టారు.

ఆనాటి చిత్రకారులు అనేకులు పాశ్చాత్య నైరూప్య ధోరణికి ఆకర్షితులైన కాలంలో, ఆయన బజారు క్యాలెండర్ల రంగులనూ, దుకాణాల బోర్డులనూ నిస్సంకోచంగా స్వీకరించారు. 1972 నాటి ‘జనతా వాచ్ రిపేరింగ్’, ‘డీలక్స్ టైలర్స్’ చిత్రాలలో కథానాయకులు గడియారాలు బాగుచేసేవాడు, దర్జీ. వాటిలో చమత్కారమున్నది, కాని శ్రమజీవిపై వెక్కిరింత లేదు. వెక్కిరింతను ఆయన తనకే దాచుకున్నారు. అదే ఏటి ప్రదర్శన పుస్తకంలో తానే జేమ్స్ బాండ్‌గా, టూత్‌పేస్ట్ ప్రకటనలోని అందగాడిగా ఫొటోలు దిగి, కళాకారుల ఆడంబరాన్ని పరిహసించారు.

1981లో వేసిన ‘అందరినీ మెప్పించలేవు’ ఆయన కళకు మకుటాయమానం. తండ్రి, కొడుకు, గాడిద కథ మనకు చిన్ననాటి నుండి తెలిసినదే. ఎవరేమన్నా వినబోయి ఆ తండ్రీకొడుకులు చివరకు నవ్వులపాలయ్యారు. ఆ కథ వీధిలో జరుగుతుండగా, మేడపై నగ్నంగా నిలిచి ఒక వ్యక్తి తిలకిస్తుంటాడు. స్వలింగ ప్రేమ చట్టరీత్యా నేరమైన రోజులలో, తన స్వభావాన్ని ఖఖర్ ఈ చిత్రం ద్వారా లోకానికి వెల్లడించారు. సుప్రీంకోర్టు ఆ నేరముద్రను తొలగించినది 2018లో. అప్పటికి ఆయన గతించి పదిహేను సంవత్సరాలు.

1984లో పద్మశ్రీ లభించింది. 2003లో క్యాన్సర్‌తో బరోడాలో కన్నుమూశారు. 2016లో లండన్‌లోని టేట్ మోడరన్ ఆ చిత్రం పేరుతోనే ఆయన కృతుల ప్రదర్శన ఏర్పాటు చేసింది.

ఉద్యోగం కళకు అడ్డుగోడ కాదని ఆయన జీవితం నిరూపించింది. మన కాలనీలలోనూ బొమ్మలు వేసేవారు, పాటలు పాడేవారు, కథలు వ్రాసేవారు లేకపోలేదు. సమయం చాలక కొందరు మానుకుంటే, నలుగురూ ఏమనుకుంటారోనని వెనుదీసేవారు ఇంకెందరో. ఆ నలుగురినీ మెప్పించడం ఎవరివల్లా కాదని ఖఖర్ ఏనాడో చిత్రించి చూపారు.