మీకు తెలుసా? ఆటకు స్పీడు కాదు, పింగ్ ముఖ్యం

2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించినప్పుడు నెలకు 149 రూపాయల ప్యాకేజీలో ఇచ్చిన స్పీడు 15 ఎంబీపీఎస్. కరెంటు స్తంభాల మీదుగానే లాగిన ఆ ఫైబర్ అనంతపురం జిల్లా పల్లెలకూ వచ్చింది. మరి ఆన్‌లైన్ ఆటకు 15 చాలుతుందా? నిక్షేపంగా! ఆట నడిచేటప్పుడు పట్టే డేటా సాధారణంగా 1 ఎంబీపీఎస్ కూడా ఉండదు.

తేడా చేసేది పింగ్, అంటే మన నొక్కు సర్వర్‌కు వెళ్లి జవాబు తిరిగొచ్చే సమయం. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. వెయ్యి కిలోమీటర్ల తీగకు రానుపోను 10 మిల్లీసెకన్లు. సర్వర్ సింగపూర్‌లో ఉంటే, 300 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకున్నా ఆ దూరం తగ్గదు.

ఇంట్లో నలుగురూ వాడితే లెక్క వేరు. హెచ్‌డీ వీడియోకు 5, 4కె టీవీకి 15 నుంచి 25 ఎంబీపీఎస్ కావాలి. 50 ఉంటే మామూలు ఇంటికి ధారాళం. అయితే అక్క ఫోన్ పెళ్లి ఫొటోలను క్లౌడ్‌లోకి ఎక్కిస్తుంటే అప్‌లోడ్ దారి నిండిపోయి, తమ్ముడి ఆట సరిగ్గా కాల్చే క్షణంలోనే ఆగుతుంది. ప్లాన్ కొనేముందు అప్‌లోడ్ ఎంతో అడగండి.

మందపాటి రాతిగోడల పాత మిద్దెల్లో 5 గిగాహెర్ట్జ్ వైఫై పక్క గదికి చేరడమే కష్టం. ఆడే కంప్యూటర్‌కు ల్యాన్ వైరే మేలు.

ఎక్కువ స్పీడు నిజంగా అక్కరకొచ్చేది డౌన్‌లోడ్‌లో: 100 జీబీ ఆట దిగడానికి 50 ఎంబీపీఎస్‌లో దాదాపు నాలుగున్నర గంటలు, 15లో దాదాపు 15 గంటలు.