ఫజ్ర్ తరువాత చెరువు గట్టున

ఫజ్ర్ నమాజుకూ, పగటి పనుల హడావుడికీ నడుమ చాలా ఇళ్ళలో ఒక గంట ఖాళీగా మిగులుతుంది. పెద్దలు మళ్ళీ నడుము వాలుస్తారు, పిల్లలు ఫోను అందుకుంటారు. ఆ గంటను కనీసం వారానికొకసారి దగ్గరలోని చెరువు గట్టున గడపమని మేము పాఠకులను కోరుతున్నాము. రాత్రంతా ఆకలితో ఉన్న పక్షులు తెల్లవారగానే మేతకు దిగుతాయి. పురుగుల సంగతి వేరు. ఎండ తగిలి ఒళ్ళు వెచ్చబడేదాకా వాటిలో చాలావాటికి ఎగరడం కష్టం. మధ్యాహ్నం క్షణమైనా నిలకడగా ఉండని తూనీగ, ఆ వేళ మంచు బిందువుల బరువుతో గడ్డిపరకను పట్టుకొని కదలక ఉంటుంది. దాని పెద్ద కళ్ళను, రెక్కల్లోని సన్నని ఈనెలను పిల్లలు జానెడు దూరం నుండి తీరికగా చూడవచ్చు.

హైదరాబాదు వాసులకు అమీన్‌పూర్ చెరువు ఇందుకు తగిన చోటు. సంగారెడ్డి జిల్లాలోని ఈ చెరువు కుతుబ్‌షాహీల కాలం నాటిది. 2016లో దీనిని జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. దేశంలో ఒక పట్టణ జలాశయానికి ఆ గుర్తింపు దక్కడం అదే ప్రథమం. చలికాలంలో వలస పక్షులు ఇక్కడ దిగుతాయి. ఫ్లెమింగోలు సైతం కనబడతాయి. అయితే కొత్తవారు వాటికోసమే ఎదురుచూడనక్కరలేదు. నల్లని ఒంటిపై నుదుట తెల్లని మచ్చతో ఈదేది బొల్లికోడి. రాతిపై రెక్కలు చాచి ఆరబెట్టుకొనేది నీటికాకి; దాని ఈకలు నీటిలో తడిసిపోతాయి, అందుకే బాతుకు లేని ఈ పని దానికి తప్పదు. గుడ్డికొంగ గట్టు పక్కన మట్టిరంగులో కలిసిపోయి నిలుచుంటుంది. ఎగిరినప్పుడు మాత్రమే తెల్లని రెక్కలు బయటపడి చూసేవారిని ఉలిక్కిపడేలా చేస్తాయి. తామరాకులపై పొడవాటి వేళ్ళతో నడిచే జకానా కుటుంబ పద్ధతి మరీ విచిత్రం. ఆడపక్షి గుడ్లు పెట్టి వెళ్ళిపోతుంది. పొదగడం, పిల్లలను సాకడం తండ్రి బాధ్యత. ఈ మాట చెప్పినప్పుడు మా ఇంటి ఆడవాళ్ళు నవ్వారు, మగవాళ్ళు నీటివైపు చూశారు.

గట్టు వెనుక పచ్చికలో తలపై కిరీటం వంటి కుచ్చుతో, పొడవాటి ముక్కుతో నేలను పొడుస్తూ పురుగులు ఏరుకొనే పక్షి కనబడితే పిల్లలకు తప్పక చూపండి. అదే హుద్‌హుద్. సులైమాన్ (అలైహిస్సలాం) వృత్తాంతంలో వారు విన్న పక్షి ఏదో దూరదేశానిది కాదు, మన చేలగట్లపై తిరిగేదే. 2014లో విశాఖపట్నాన్ని అతలాకుతలం చేసిన తుపానుకు ఒమన్ దేశం సూచించిన పేరు కూడా ఇదే.

పక్షులను చూడడం తెల్లదొరల కాలక్షేపమని భావించేవారు సలీం అలీ జీవితాన్ని తెలుసుకోవాలి. 1896లో బొంబాయిలో జన్మించి, తల్లిదండ్రులను పసితనంలోనే కోల్పోయి, మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ ఇంట పెరిగిన బాలుడాయన. బొమ్మ తుపాకీతో కొట్టిన పిచ్చుక గొంతుపై పసుపు మచ్చ చూసి, అదేమి పిట్టో తెలుసుకోవాలన్న పట్టుదల ఆయనను జీవితకాల అధ్యయనం వైపు నడిపింది. 1930వ దశకం తొలినాళ్ళలో నిజాం రాజ్యమంతటా తిరిగి పక్షుల సర్వే జరిపినది ఆయనే. ఆ ప్రయాణంలో ఆయన సతీమణి తెహ్మీనా వెంట ఉన్నారు. నేడు తెలంగాణ పక్షుల గురించి రాసేవారు ఆ సర్వేను విస్మరించి ముందుకు పోలేరు.

ఇక అసలు ఆందోళన. తూనీగ తన జీవితంలో ఎక్కువ భాగం నీటిలోనే, రెక్కలు లేని పిల్లపురుగుగా గడుపుతుంది. అక్కడ దాని ఆహారంలో దోమ పిల్లలూ ఉన్నాయి. ఎదిగిన తరువాత జమ్ము కాడను పట్టుకొని పైకి పాకి, పాత చర్మాన్ని చీల్చుకొని రెక్కలతో బయటికి వస్తుంది. జమ్ము లేనిచోట ఆ ఆధారం ఉండదు. నేడు సుందరీకరణ పేరుతో అనేక చెరువుల అంచుల్లో జమ్మును పెరికి, రాతి గోడ కట్టి, రంగుదీపాలు పెడుతున్నారు. మరోవైపు నుండి మురుగు కలుస్తుంది. మురుగులో చాలా రకాల తూనీగలు బతకలేవు. క్యూలెక్స్ దోమ మాత్రం హాయిగా పెరుగుతుంది. అప్పుడు పొగయంత్రాలు వస్తాయి, ఆ పొగకు దోమలతోపాటు మిగిలిన తూనీగలూ నశిస్తాయి. నడకదారి అక్కరలేదని మేము అనడం లేదు. గట్టుకు ఒక వైపైనా మట్టిని, జమ్మును ఉన్నవి ఉన్నట్లుగా వదలమంటున్నాము.

వెళ్ళేవారు మెరిసే దుస్తులు మానుకోవాలి. రొట్టె ముక్కలు విసరరాదు, గూళ్ళ దగ్గరకు పోరాదు. దుర్భిణి లేకున్నా ఫరవాలేదు, నోటు పుస్తకం మాత్రం ఉండాలి. తేదీ, సమయం, ఏ పక్షి, ఎన్ని అన్నవి పిల్లల చేత రాయించండి. జమ్ము కాడలపై అంటుకొని ఉన్న తూనీగ ఎండు పొట్టులను కూడా లెక్కించండి. నీరు ఇంకా బతికే ఉన్నదనడానికి అవి గుర్తు. ఫోను వాడేవారు ఆ పక్షుల లెక్కను ఉచితంగా లభించే ఈబర్డ్‌లో నమోదు చేయవచ్చు. రేపు ఎవరైనా ఆ చెరువులో ఏముందని మట్టి పోయడానికి వస్తే, చూపించడానికి మీ వద్ద నాలుగేళ్ళ పుస్తకం ఉంటుంది.