పాటలు రాకపోతే యాపిల్ పళ్లు పంపారు!

అభిమానులనగానే మనకు కటౌట్లు, పాలాభిషేకాలు, థియేటర్ ముందు టపాకాయలు గుర్తొస్తాయి. అభిమాన గాయని పాటలు బయటికి రావడం లేదని ఒళ్లు మండి, రికార్డు కంపెనీ ఆఫీసుకు యాపిల్ పళ్లు పార్సిలు చేసిన అభిమానుల గురించి ఎప్పుడైనా విన్నారా? 2005లో అమెరికాలో జరిగిన ముచ్చట ఇది. ఆ అమ్మాయి పేరు ఫియోనా యాపిల్. పేరులోనే పండు ఉంది కనుక, నిరసనకు కూడా పండే దొరికింది వాళ్లకి!

ఈమె సంగతి నాకు తెలిసింది మా అక్క కూతురి వల్ల. 1998లో అది ఉద్యోగానికని అమెరికా వెళ్లింది. కొత్త ఊరు, చలి, గదికొస్తే పలకరించే దిక్కు లేదు. ఆ రోజుల్లో ఫియోనా పాటలే దానికి తోడు. “పిన్నీ, ఆమె పాడుతుంటే నా గొంతులో అడ్డం పడ్డదాన్ని ఎవరో బయటికి లాగినట్టుంటుంది” అనేది ఫోన్లో. ఐఎస్‌డీ బిల్లు నిమిషానికింత అని గుండె కొట్టుకుంటుంటే, ఈ పిల్లేమో రిసీవరు స్పీకరు దగ్గర పెట్టి నాకు పాట వినిపించేది. మాటలు సగం అర్థమయ్యేవి కావు. కానీ ఆ పియానో, ఆ బరువైన గొంతు... పద్దెనిమిదేళ్ల పిల్ల గొంతంటే నమ్మబుద్ధి కాలేదు.

1996లో వచ్చిన ఆమె మొదటి ఆల్బమ్ ‘టైడల్’ అమెరికాలోనే 30 లక్షలు అమ్ముడుపోయింది. గ్రామీ అవార్డు వచ్చింది. 1999లో రెండోది. ఆ తరువాత ఏడాది గడిచింది, రెండేళ్లు గడిచాయి, మూడు, నాలుగు... చప్పుడు లేదు! మూడో ఆల్బమ్ కోసం పాటలు రికార్డు చేసిందని అందరికీ తెలుసు. మరి ఏవీ? కంపెనీ వాళ్లకి అందులో ‘హిట్టు పాట’ వినిపించలేదని, అందుకే అటక మీద పడేశారని అభిమానులు చెప్పుకున్నారు. నిజానికి కథ అంత సూటిగా లేదు. కొన్ని పాటలు తనకే నచ్చక మళ్లీ చేద్దామనుకుందిట. ఒక్కో పాటా చేసి చూపించండి, నచ్చితేనే డబ్బిస్తాం అనే పద్ధతి వచ్చేసరికి విసిగిపోయి, ఈ పాటలూ వద్దు, ఏమీ వద్దని ఇంట్లో కూర్చుందిట. వంటగదిలో మన వెనకాలే నిలబడి ప్రతి తాలింపూ రుచి చూస్తానంటే మనం మాత్రం వండగలమా?

అప్పుడు కదిలారు అభిమానులు. ‘ఫియోనాను విడిపించండి’ అని ఉద్యమం లేవదీశారు. 2005 జనవరి చలిలో న్యూయార్క్‌లో సోనీ ఆఫీసు ముందు నిలబడి నినాదాలిచ్చారు. యాపిల్ పళ్లు పంపారు. ఈలోగా ఆ పాటలు ఎలాగో బయటికి పొక్కాయి. సియాటిల్‌లో ఒక రేడియో వాళ్లయితే ఏకంగా ప్రసారం చేసేశారు! మొత్తానికి ఆ ఏడాది అక్టోబరులో, చాలా పాటలు మళ్లీ కొత్తగా చేసి, ‘ఎక్స్‌ట్రార్డినరీ మెషీన్’ పేరుతో ఆల్బమ్ వచ్చింది. వచ్చిన వారమే అమెరికా జాబితాలో ఏడో స్థానం. అభిమానుల గొడవ వల్లే అది బయటపడిందని ఆమే ఒప్పుకుంది.

ఆ పొక్కిన పాటలు వినడం తప్పా ఒప్పా అని మా ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. “అమ్మితే కొననన్నానా పిన్నీ? ఆరేళ్ల నుంచి డబ్బులు పట్టుకుని నిలబడితే అమ్మడం లేదు” అన్నది అక్క కూతురు. ఆల్బమ్ రాగానే రెండు కాపీలు కొని ఒకటి నాకు పంపింది కూడా. పాడిన మనిషికి నచ్చక పక్కన పెట్టిన పాటను ఆమె చెప్పకుండా వినడం మర్యాద కాదని నా వాదన. ఇప్పటికీ ఇద్దరం ఎవరి మాట మీద వాళ్లమే ఉన్నాం.

పచ్చళ్ల లెక్క

అసలు పాట ఆమెదే కదా, ఇంకో కంపెనీకి ఇచ్చుకోవచ్చు కదా అని మీకనిపిస్తుంది. నాకూ అనిపించింది. వాళ్ల ఒప్పందాలు ఎలా ఉంటాయో చదివాక నోట మాట రాలేదు.

మీరు ఆవకాయ బాగా పెడతారనుకోండి. ఒక షావుకారు వచ్చి, “లక్ష రూపాయలు ముందిస్తాను, పెట్టండి” అన్నాడు. సంబరపడ్డారు. ఆ లక్షలోనే మామిడికాయలు, నూనె, కారం, జాడీలు, కూలి. తరువాత సీసాకి వందొస్తే మీ వాటా పదో పదిహేనో. అదైనా చేతికిస్తాడా? ఇవ్వడు. ముందిచ్చిన లక్షా తీరేదాకా మీ వాటా మొత్తం ఆ బాకీలోకే పోతుంది. ప్రకటనల ఖర్చులో కొంత కూడా మీ ఖాతాలోనే. సరే, బాకీ తీరింది. ఇప్పుడైనా పచ్చడి మీదేనా? కాదు! జాడీలు షావుకారువే. అమ్మినా అతని ఇష్టం, గోడౌన్లో పెట్టి తాళం వేసినా అతని ఇష్టం. పైగా ఇంకో ఆరు జాడీలు అతనికే పెడతానని మీరు సంతకం చేసి ఉన్నారు.

ఈ జాడీనే వాళ్లు ‘మాస్టర్’ అంటారు. అంటే అసలు రికార్డింగు. అది చాలావరకు కంపెనీదే.

టీఎల్‌సీ అని ముగ్గురు ఆడపిల్లల బృందం ఉండేది. 1994లో వచ్చిన వాళ్ల ‘క్రేజీ సెక్సీ కూల్’ అమెరికాలోనే కోటి దాటింది. అది అలా అమ్ముడుపోతుండగానే 1995లో ఆ ముగ్గురూ కోర్టులో దివాలా పిటిషన్ వేశారు! దాదాపు 35 లక్షల డాలర్ల అప్పు. వాళ్ల సొంత తిప్పలూ ఉన్నాయనుకోండి, అయినా కోటి మంది కొన్న పాట పాడినవాళ్లు దివాలా తీయడమేమిటి?

విస్కీ కంపెనీ చేతిలో పాటలు

ఇంకో చిత్రం చూడండి. పాటలు నచ్చక కాదు, కంపెనీలు చేతులు మారినందువల్ల వీధిన పడ్డవాళ్లూ ఉన్నారు. 1998లో సీగ్రామ్ అనే కంపెనీ, అవును, విస్కీ అమ్మే ఆ సీగ్రామే, పాలీగ్రామ్ అనే పెద్ద రికార్డు కంపెనీని వెయ్యి కోట్ల డాలర్లకు పైగా పోసి కొని, తన యూనివర్సల్‌లో కలిపేసుకుంది. అంత పెట్టాక ఖర్చు తగ్గించాలిగా? 1999 మొదట్లో పాత పేరున్న సంస్థల్ని ఒకదానిలో ఒకటి కలిపేశారు. ఉద్యోగులతో పాటు వందల సంఖ్యలో బృందాలను వదిలించుకున్నారు. అభిమానులకైతే కబురు కూడా లేదు. ఫలానా బృందం పాటలు ఇకపై రావని చెప్పేవాళ్లెవరు? ఎదురుచూసి, ఎదురుచూసి ఎవరికి వారే అర్థం చేసుకోవాలి.

ఆ గాలిలో చిక్కుకున్న గాయని ఏమీ మాన్. ఆమె పడ్డ పాట్లు చదువుతుంటే అద్దె కొంపలు మారే సంసారం గుర్తొచ్చింది నాకు. ఒక కంపెనీ చతికిలబడింది. ఇంకో దాంట్లో చేరితే దాన్ని మరొకటి మింగేసింది. కొత్తగా వచ్చిన పెద్దలు ఆమె ఆల్బమ్ విని, “రేడియోలో మోగే పాట లేదే” అన్నారు. ఆమె ఏం చేసిందంటే, తన పాటల్ని తనే డబ్బిచ్చి వెనక్కి కొనుక్కుంది! పుట్టింటి నగలు తాకట్టు నుంచి విడిపించుకున్నట్టు. 2000లో సొంతంగా ‘సూపర్ ఈగో’ అని చిన్న సంస్థ పెట్టుకుని ఆ ఆల్బమే విడుదల చేసింది. 2 లక్షల కాపీలకు పైగా పోయింది. పెద్ద కంపెనీ లెక్కలో అది ఫ్లాపు. మధ్యలో పంచుకునేవాళ్లు లేని మనిషికి మాత్రం దర్జాగా బతకడానికి సరిపోయే డబ్బు. అంతకు ముందే ‘మాగ్నోలియా’ సినిమాలో ఆమె పాడిన పాట ఆస్కార్ పోటీ దాకా వెళ్లింది. రేడియోలో మోగదన్న ఆ గొంతే!

విల్కో అనే బృందం కథ మరీ నవ్వొస్తుంది. 2001లో వాళ్లు చేసిన ‘యాంకీ హోటల్ ఫాక్స్‌ట్రాట్’ను రిప్రైజ్ కంపెనీ వద్దు పొమ్మంది. వాళ్లు హక్కులు వెంటబెట్టుకుని బయటికొచ్చి, ఇంటర్నెట్‌లో ఊరికే వినమని పెట్టేశారు. జనం విరగబడి విన్నారు. 2002లో నాన్‌సచ్ అనే కంపెనీ దాన్ని విడుదల చేస్తే 13వ స్థానంలో మొదలైంది. ఇంతకీ ఈ రిప్రైజూ, ఆ నాన్‌సచ్చూ రెండూ వార్నర్ వారి పిల్ల కంపెనీలే. పెద్దకోడలు వద్దన్న కూరను చిన్నకోడలు దగ్గర కొనుక్కుని తిన్నట్టుంది కదూ!

అభిమానులే షావుకారు పాత్ర వేసిన సంగతి కూడా ఒకటుంది. ఇంగ్లండులో మారిలియన్ బృందాన్ని ఈఎంఐ 1995లో వదిలేసింది. అమెరికా వచ్చి పాడటానికి డబ్బు లేదని తెలిసి 1997లో అక్కడి అభిమానులు తలా కాస్తా వేసుకుని 60 వేల డాలర్ల దాకా పోగుచేశారు. ఆ ధైర్యంతో తరువాత, ఇంకా పాట పుట్టకముందే డబ్బు కట్టమని బృందం అడిగితే 12 వేల మందికి పైగా కట్టేశారు. మన చీటీల పద్ధతే! కాకపోతే ఇక్కడ పాట పాడేది నిజంగా పాటే.

మన ఇళ్లలో ఈ కాలం పిల్లలకు టేలర్ స్విఫ్ట్ తెలుసు. 2019లో ఆమె మొదటి ఆరు ఆల్బమ్‌ల మాస్టర్లను, ఆమెకు ఇష్టం లేని మనిషికి కంపెనీ అమ్మేసింది. 2021 నుంచి ఆ పాటల్నే ఒక్కొక్కటిగా తిరిగి పాడి విడుదల చేయడం మొదలుపెట్టింది. అభిమానులు పాతవి మానేసి కొత్తవే కొన్నారు. చివరికి 2025లో ఆ పాతవాటినీ కొనేసుకుంది. అయితే ఆమెకు చెల్లింది. అంత సొమ్ము, అంత సైన్యం ఎంతమందికి ఉంటాయి?

మన దగ్గర బృందాల సంప్రదాయం తక్కువ. పాటంటే సినిమా పాటే. 1990ల్లో కేబుల్ టీవీ వచ్చాక కాస్త మారింది. 1995లో అలీషా చినాయ్ ‘మేడిన్ ఇండియా’ మోగని పెళ్లిపందిరి లేదు. 1998లో సిల్క్ రూట్ కుర్రాళ్ల ‘బూందే’ కాలేజీ పిల్లల వాక్‌మన్లలో తిరిగింది. తరువాత కంపెనీలు మళ్లీ సినిమా పాటల వెంటే పడ్డాయి. ఆ గొంతుల్లో చాలావరకు సద్దుమణిగాయి. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించి, పాట రాసినవారికీ, బాణీ కట్టినవారికీ రాయల్టీ హక్కును కంపెనీ రాయించేసుకోవడానికి వీల్లేకుండా చేశారు. పాడినవారికీ వాటా ఉందన్నారు. మంచిదే. కానీ ఆ పాట బజారులో ఉంచి తీరాలని ఏ చట్టమూ కంపెనీకి చెప్పదు.

నా దగ్గర ఒక లలిత గీతాల క్యాసెట్టు ఉంది. 1993లో బెజవాడలో కొన్నాను. పాడినావిడ ఆ తరువాత ఎక్కడా వినిపించలేదు. తీసిన కంపెనీ మూతబడి ఏళ్లయింది. సీడీ రాలేదు, ఫోన్లో వెతికితే దొరకదు. మాస్టర్ ఏ గోడౌన్లో ఉందో, బూజు పట్టిందో, పారబోశారో అడుగుదామంటే మనిషే లేడు. మొన్న మా వీధి చివర మొబైల్ షాపు కుర్రాడికి ఇస్తే, టేపు మధ్యలో ముడతపడిందని చెప్పి, ఎనిమిది పాటల్లో అయిదు మాత్రం ఫోన్లోకి ఎక్కించి ఇచ్చాడు. ఆ అయిదూ మా అక్క కూతురికి పంపాను. మిగతా మూడూ ఎలా ఉండేవో పాడి వినిపించమంటోంది.