మా బండకు 36 ఫొటోలు

పెళ్ళయిన కొత్తలో మా ఆయన నాకు తెచ్చిన మొదటి కానుక చీర కాదు, కెమెరా. అదీ కొత్తది కాదు. షూటింగుల్లో స్టిల్స్ తీసే ఒకాయన పాత కెమెరా అమ్మేస్తుంటే వాయిదాల మీద తీసుకొచ్చారు. "నాకెందుకండీ ఇది?" అన్నాను. "పగలంతా ఒక్కదానివే ఉంటావుగా, ఏదో ఒకటి తీసుకో" అన్నారు. అది 1995. ఆయన సినిమాల్లో లైట్‌మన్. తారల బంగళాలు జూబ్లీహిల్స్ గుట్టల మీద ఉంటే, వాళ్ళ మీద వెలుగు వేసే మాలాంటి వాళ్ళ ఇళ్ళు ఈ పక్క రహమత్ నగర్ గుట్ట మీద, ఇరుకు సందుల్లో ఉండేవి.

నేను తెనాలి పక్క పల్లెటూరి దాన్ని. మా వైపు ఎత్తంటే కాలవగట్టే. హైదరాబాదు సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున దక్కన్ పీఠభూమి మీద ఉందని బళ్ళో చదివాను గానీ, నీళ్ళ బిందె చంకనెత్తుకుని మా సందు ఎక్కినప్పుడే ఆ పాఠం ఒంటికి పట్టింది.

మా ఇంటి వెనక ఒక పెద్ద బండ ఉండేది. రెండిళ్ళ ఎత్తు. దాని నెత్తిన ఇంకో గుండు, ఇవాళో రేపో దొర్లేట్టు. ఎవరో తెచ్చి పేర్చారనుకునేదాన్ని. కాదట. ఈ గ్రానైటు సుమారు 250 కోట్ల ఏళ్ళ నాటిది. నేల లోపలే పగుళ్ళిచ్చి, అంచులు అరిగి గుండ్రబడితే, చుట్టూ మెత్తబడ్డ మట్టి వానలకు కొట్టుకుపోయి గుండ్లు ఉన్నచోటే మిగిలిపోయాయి.

మొదటి రీలు కడిగించి తెస్తే 36 ఫొటోల్లో 20 ఆ బండవే! మా ఆయన ఒకటే నవ్వు. పక్కింటి పెద్దమ్మ, మేకలు కాసుకునే ఆవిడ, "ఏం బిడ్డా, మనుషులు దొరకలేదా? బండనేం తీస్తవ్?" అంది. నిజం చెప్పాలంటే ఒక్కటీ బాగా రాలేదు. బండ సున్నం కొట్టినట్టుంది.

"మధ్యాహ్నం తీశావు కదూ! ఆ ఎండలో హీరోయిన్‌నైనా మేం అలాగే వదిలెయ్యం. పైన తెల్లగుడ్డ కట్టి, పక్కనుంచి వెలుగు కొట్టిస్తాం. బండకెవరు కడతారు గుడ్డ? పొద్దున్నే తియ్యి" అన్నారాయన. నాకు ఫొటో పాఠం అదొక్కటే. మిగతాదంతా బండే నేర్పింది.

పొద్దున్నే అంటే మాటలా! నల్లా వచ్చేదీ అప్పుడే, పిల్లల క్యారేజీ కట్టేదీ అప్పుడే. నల్లా వచ్చే రోజు ఫొటో లేదని ఒట్టు పెట్టుకున్నాను. మిగతా రోజుల్లో పాలు పొయ్యి మీద పెట్టి డాబా ఎక్కేదాన్ని. ముందు బండ నల్లగా ఉంటుంది. తర్వాత పైగుండు అంచు మీద సన్నగా గులాబీరంగు. అక్కణ్ణించి ఎరుపు కిందికి జారుకుంటూ వస్తుంది. పొద్దు కిందుగా ఉన్నప్పుడు వెలుగు ఎక్కువ గాలిని దాటుకుని రావాలి, ఆ దారిలో నీలం చెదిరిపోయి ఎరుపు మనదాకా వస్తుంది. పావుగంటలో ఎరుపు పోయి మామూలు బూడిదరంగు బండ మిగులుతుంది. ఈలోగా పాలు పొంగాయా, ఆ రోజుకు కాఫీ లేదు.

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. అప్పుడు ఆకాశం తెల్లబడి, దూరపు గుట్టలు దుమ్ములో కలిసిపోయేవి. మృగశిర తొలివాన పడిందంటే అదే గుట్టలు అడుగు ముందుకొచ్చినట్టుండేవి, గాలిలో దుమ్ము కడుక్కుపోయి. తడిసిన బండ ఏనుగు ఒళ్ళే! దాని గుంటల్లో నీళ్ళు, నీళ్ళలో మబ్బులు. ఆ నల్లదనం మాత్రం కెమెరాకు రాలేదు. ఫొటోలో మళ్ళీ బూడిదే. కెమెరా లోపలి మీటరు ఏది చూసినా మధ్యరకం ఛాయ అనుకుంటుందని, నల్లదాన్ని నల్లగా చూపాలంటే మనం వెలుగు కాస్త తగ్గించాలని రెండు రీళ్ళు పాడయ్యాక గానీ తెలియలేదు.

వేసవి ముదిరాక బండ మీదికి తొండలు వచ్చేవి. మామూలప్పుడు బండలో కలిసిపోయే మగతొండకు జతకట్టే కాలంలో తల ఎర్రబారి, ఒళ్ళు నల్లబడుతుంది. మా బండకు ఓ రారాజు ఉండేవాడు. పైగుండు మీద ఎక్కి తల ఆడిస్తూ ఉంటే, మా అత్తయ్యగారు "వాడూ షూటింగుకి రెడీ" అనేవారు.

అత్తయ్యగారి సంగతి చెప్పాలి. డాబా మీద నేను కెమెరా పట్టుకు నిలబడుతున్నానని, మా ఇళ్ళల్లోకి తీస్తోందని ఎవరో మా ఆయనతో అన్నారు. రెండు నెలలు కెమెరా బీరువాలో పెట్టేశాను. ఆవిడ ఏమీ అనకుండా ఓ తెల్లారుజామున పిండిగిన్నె తీసుకుని డాబా ఎక్కి, "నేను వడియాలు పెట్టుకుంటా, నువ్వు తీసుకో" అన్నారు. పెద్దావిడ పక్కన ఉంటే ఇక మాట ఎవరంటారు? ఈ హైదరాబాదులోనే 1892లో రాజా దీన్‌దయాళ్ జనానా స్టూడియో పెట్టారని తర్వాతెప్పుడో చదివాను. పరదా చాటు స్త్రీలను ఒక ఇంగ్లీషు మహిళే ఫొటో తీసేదట. కెమెరా ముందుకు రావడానికి అప్పుడంత ఏర్పాటు! కెమెరా వెనక నిలబడ్డానికి నాకు వడియాల పిండి కావలసి వచ్చింది.

ఆదివారాలు కేబీఆర్ పార్కుకు వెళ్ళేవాళ్ళం. సుమారు 390 ఎకరాల అడవి, 1998లో జాతీయ ఉద్యానంగా ప్రకటించారు. బండలు, సీతాఫలం చెట్లు, నెమళ్ళు. వానలకు ముందు మగనెమలి పురి విప్పుతుంది, వానాకాలం తిరిగేసరికి ఆ పొడుగు ఈకలన్నీ రాలిపోతాయి. మొదటిసారి దొరికిన నెమలి బండ మీద, వెనక తెల్లటి ఆకాశం. ఫొటోలో వచ్చింది నల్లటి కాకి! ఈసారి వెలుగు పెంచాల్సింది. బండ దగ్గర నేర్చిన పాఠం ఇక్కడ తిరగబడింది.

2007లో మా వెనక బండను పగలగొట్టడం మొదలుపెట్టారు. అపార్టుమెంటు వస్తుందన్నారు. ఎవరి స్థలం వారిది, నేనెవర్ని అడగడానికి? రాళ్ళు కొట్టేవాళ్ళు కుటుంబాలతో దిగారు. వరసగా బెజ్జాలు వేసి, చీలలు దిగ్గొట్టి, నెర్రె సాగేదాకా సమ్మెటతో కొట్టేవారు. రోజూ ఒక ఫొటో తీశాను. పైగుండు దింపే రోజు సాయంత్రానికి రీల్లో ఒకటే మిగిలింది. చివరి ఎర్రవెలుగు కోసం కాచుకుని ఉన్నాను. కింద నుంచి సమ్మెట పట్టుకున్న ఒకామె, నా ఈడుదే, "అక్కా, రోజూ రాయినే తీస్తున్నవ్. నన్నొకటి తియ్యరాదూ" అంది.

ఎరుపు ఇంకా రాలేదు. నిజం చెప్పొద్దూ, మనసు పీకింది. ఆగమంటే ఆగుతుందో లేదో! పిల్లని చంకనేసుకుని, కొంగు సర్దుకుని, గుండుకు చెయ్యి ఆనించి నిలబడింది. తీసేశాను. పది నిమిషాలకు బండ ఎర్రబడింది. ఖాళీ కెమెరా మెళ్ళో వేసుకుని చూస్తూ నిలబడ్డాను.

ఫొటో కడిగించి తెచ్చేసరికి వాళ్ళు వేరే చోటికి వెళ్ళిపోయారు. పేరైనా అడగలేదు. ఆ కాపీ ఇంకా నా దగ్గరే ఉంది.

రీళ్ళ కాలంలోనే ఒక అలవాటు చేసుకున్నాను. పాలవాడి ఖాతా పుస్తకం వెనక పేజీల్లో ప్రతి ఫొటోకు తేదీ, టైము, ఎండో మబ్బో, ఎక్కడ నిలబడ్డానో రాసేదాన్ని. మా అమ్మాయి నవ్వేది, ఫోన్లో అవన్నీ అవే పడతాయి కదమ్మా అని. 2025లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో చెట్లు కొట్టడం, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమనడం మీరూ చూసుంటారు. ఆ గొడవలో బుల్డోజర్ల ముందు పరుగెత్తే జింకలు, నెమళ్ళని చెప్పి కృత్రిమ మేధతో చేసిన బొమ్మలు కూడా ఊరంతా తిరిగాయి. నిజంగా అక్కడ నెమళ్ళున్నాయి, జింకలున్నాయి. దొంగబొమ్మ కలిశాక నిజం ఫొటో కూడా సంజాయిషీ ఇచ్చుకోవలసి వచ్చింది. ఆ వారం మా అమ్మాయే అటక మీంచి నా పాలపుస్తకం దించింది.

ఫొటోలన్నీ పరుచుకుని, పుస్తకంతో సరిచూసి, నెలకు మూడు చొప్పున, పన్నెండు నెలలకు 36 ఏరాం. జనవరి మంచు నుంచి డిసెంబరు ఏటవాలు ఎండ దాకా, అన్నీ ఒకే డాబా మీంచి. మీ ఇంటి ముందు ఏ చెట్టో, చెరువో ఉంటే మీరూ ఇలా తీసి చూడండి. చోటు మార్చకండి, తేదీ రాయడం మరవకండి. ఫోనైనా చాలు.

మొన్న పక్కింటి పెద్దమ్మను పిలిచి చూపించాను. ఇప్పుడావిడకు చూపు సరిగ్గా ఆనదు. ఒక్కొక్కటీ కళ్ళ దగ్గరగా పెట్టుకుని చూసింది. ఎరుపులు, మబ్బులు ఏవీ పట్టించుకోలేదు. ఆగస్టు ఫొటో దగ్గర ఆగింది. బండ వాలులో నేను ఇన్నేళ్ళుగా మచ్చ అనుకుంటున్న దాని మీద వేలు పెట్టి, "గిది మచ్చ గాదు బిడ్డా, మా కర్రె మేక" అంది.