హేవ్‌లాక్ వంతెన ఉంది, మరి దాని కథ?

మన నిడదవోలులో రైలెక్కి రాజమండ్రి వెళ్తుంటే, కొవ్వూరు దాటాక గోదావరి మీద రైళ్లు తిరగని పాత వంతెన ఒకటి కనిపిస్తుంది కదా, అదే హేవ్‌లాక్ బ్రిడ్జి. మొత్తం 56 స్పాన్లు. 1900లో రైళ్లు మొదలయ్యాయి, 1997లో ఆగిపోయాయి. ఇనుము ఇంకా నిలబడే ఉంది. కానీ ఆ వంతెన మీద వెళ్తూ గోదాట్లో చిల్లర వేసిన పెద్దవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు.

అందుకే ఇంట్లో తాతయ్యనో అమ్మమ్మనో కూర్చోబెట్టి, ఒక్క ఐదు నిమిషాలు ఫోన్లో రికార్డ్ చేయండి. మొదట్లోనే పేరు, ఊరు, ఏ సంవత్సరం సంగతో చెప్పించండి.

పాత ఫొటో దొరికితే స్కాన్ చేయండి, వెనకాల రాత ఉంటే అదీ తీయండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే క్వాలిటీ తగ్గుతుంది, ఫైల్లో ఉన్న తేదీ వివరాలూ పోతాయి. డాక్యుమెంట్‌గా పంపండి. ఇంకో కాపీ పెన్‌డ్రైవ్‌లో దాచండి.

ఈ ఆదివారమే అడగండి, ఏం చెప్పారో కామెంట్లో రాయండి.